ఫ్రాంకులు ఒక దారి, పీసులు ఒక దారి: స్విస్ వాచీల ప్రాంతంలో ఏం జరుగుతోంది?

క్లుప్తంగా: స్విట్జర్లాండ్ వాచీల ఎగుమతి విలువ పాతికేళ్లలో రెండున్నర రెట్లయింది. అదే కాలంలో ఎగుమతైన వాచీల సంఖ్య, అంటే పీసులు, సగానికి పడిపోయింది. వార్తల్లోకి ఎక్కేది మొదటి అంకె. జూరా కొండల్లో విడిభాగాలు చేసే చిన్న వర్క్‌షాపులకు పని తెచ్చేది రెండో అంకె. చైనా మందగమనం, అమెరికా సుంకాలు, బలపడ్డ ఫ్రాంకు, బంగారం ధర అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. అయితే వాటి దెబ్బ పెద్ద బ్రాండ్ల కంటే ముందు, ఎక్కువగా తగిలేది ఎవరికీ పేరు తెలియని సబ్‌కాంట్రాక్టర్లకు.

సెలవుల్లో వచ్చిన కబురు

2025 ఆగస్టు 1న స్విట్జర్లాండ్ జాతీయ దినోత్సవం చేసుకుంటోంది. స్విస్ సరుకు మీద 39 శాతం సుంకం వేస్తున్నామన్న అమెరికా ప్రకటన అక్కడివాళ్లకు తెల్లవారేసరికి చేరింది. వాచీల ప్రాంతంలో ఆ రోజుల్లో చాలా ఫ్యాక్టరీలకు తాళాలే ఉంటాయి. వేసవిలో మూడు వారాల పాటు పరిశ్రమంతా ఒకేసారి సెలవు తీసుకోవడం అక్కడి పాత ఆనవాయితీ. దానికి 'వాచీల సెలవులు' అనే పేరే ఉంది. డయళ్లు చేసేవాడు ఊరికి వెళ్తే ముళ్లు చేసేవాడు కూర్చుని చేసేదేమీ ఉండదు కాబట్టి అందరూ కలిసే ఆపుతారు, కలిసే మొదలుపెడతారు. ఈ ప్రాంతం ఎంతగా ఒకే పని మీద ఆధారపడిందో ఆ సెలవులే చెబుతాయి.

సుంకం ఆగస్టు 7న అమల్లోకి వచ్చింది. నవంబరులో రెండు దేశాల మధ్య అవగాహన కుదిరి 15 శాతానికి దిగింది. ఆ ఏడాది పొడుగునా స్విస్ వాచీల గురించి వచ్చిన వార్తలు చదువరులను తికమక పెట్టాయి. ఏప్రిల్‌లో అమెరికాకు ఎగుమతులు రెట్టింపు దాటాయన్నారు, సెప్టెంబరులో సగానికి పైగా పడిపోయాయన్నారు. ఇంతకీ పరిశ్రమ బాగుందా, లేదా? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు ఆ ప్రాంతం ఎలా నడుస్తుందో చూడాలి.

ఊరే ఒక ఫ్యాక్టరీ

జెనీవా నుంచి ఈశాన్యంగా, ఫ్రాన్స్ సరిహద్దును ఆనుకుని సాగే కొండల వరసను జూరా అంటారు. స్విస్ వాచీల పరిశ్రమకు గుండెకాయ ఇదే. లా షో-ద-ఫోన్, ల లోక్ల్, సాంత్-ఇమియే, బీల్ పట్టణాలూ, పడమట వాలే ద జూ అనే లోయా ఇందులోకి వస్తాయి. టిస్సో, జెనిత్ కంపెనీలది ల లోక్ల్. లాంజిన్స్‌ది సాంత్-ఇమియే. ఒమేగా, స్వాచ్‌లది బీల్. ఔడెమార్ పిగే, జెజెర్-లెకూల్త్ర కంపెనీలు ఆ లోయలోవి.

లా షో-ద-ఫోన్ సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ చలికాలం దీర్ఘం, పంట అంతంత మాత్రం. మంచు కురిసే నెలల్లో రైతు కుటుంబాలు కిటికీ పక్కన బల్ల వేసుకుని వాచీ భాగాలు చేసేవి. ఒకరు చక్రాలు, ఒకరు స్క్రూలు, ఇంకొకరు ముళ్లు. వ్యాపారి వాటిని సేకరించి, బిగింపించి, అమ్ముకునేవాడు. చేనేతలో మాస్టర్ వీవర్ పద్ధతి ఎరిగినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. పెట్టుబడీ సరుకూ ఒకరివి, ఇల్లూ చెయ్యీ ఇంకొకరివి.

1794లో ఆ ఊరు దాదాపుగా కాలి బూడిదైంది. తిరిగి కట్టేటప్పుడు, 1835 నాటి ప్లాను ప్రకారం, వీధులన్నీ గీత గీసినట్టు సమాంతరంగా వేశారు. ఒక వరస ఇళ్ల నీడ వెనక వరస మీద పడకూడదన్నది లెక్క. కొలత చూసే కంటికి వెలుతురు కావాలి మరి. అందుకే ఆ ఇళ్లకు ఒకదాని పక్కన ఒకటిగా కిటికీలు కనిపిస్తాయి. కార్ల్ మార్క్స్ ఈ పట్టణాన్ని ఒకే ఒక పెద్ద వాచీ ఫ్యాక్టరీతో పోల్చాడు. 2009లో యునెస్కో లా షో-ద-ఫోన్‌నూ పక్కనున్న ల లోక్ల్‌నూ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చండీగఢ్‌కు ప్లాను గీసిన లె కార్బూజియే 1887లో పుట్టింది ఈ సమాంతర వీధుల మధ్యే. తండ్రి డయళ్లకు ఎనామిల్ పూసేవాడు, కొడుకు మొదట నేర్చుకున్నది వాచీ కేసుల మీద నగిషీ చెక్కడం.

ఇదంతా పాత కథలా అనిపించవచ్చు. పని పంపకం మాత్రం ఇప్పటికీ దాదాపు అలాగే ఉంది. కీ ఇచ్చే మామూలు వాచీలో కూడా వందకు పైగా భాగాలుంటాయి. వాటిలో కొన్ని స్క్రూలు ఆవగింజ కంటే చిన్నవి. వాచీ నడకను నిలకడగా ఉంచే బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నటి స్ప్రింగు చేయడం ఎంత కష్టమంటే, దశాబ్దాల పాటు పరిశ్రమలో చాలామందికి అది స్వాచ్ గ్రూప్‌కు చెందిన ఒక్క కంపెనీ నుంచే అందేది. కేసు ఒకచోట, పాలిష్ ఇంకొకచోట, డయల్ మీద అంకెల ముద్ర మరొకచోట. బ్రాండు పేరు చివర్లో ఎక్కుతుంది.

1970ల గాయం

అక్కడ ఏ మాంద్యం వచ్చినా జనం వెంటనే గుర్తు చేసుకునేది క్వార్ట్జ్ సంక్షోభాన్నే, అంటే బ్యాటరీతో నడిచే వాచీలు వచ్చి కీ ఇచ్చే వాచీలను దెబ్బతీసిన కాలాన్ని. 1970 ప్రాంతంలో పరిశ్రమలో సుమారు 90 వేల ఉద్యోగాలుండేవి. 1980ల మధ్యకు వచ్చేసరికి 30 వేల పైచిలుకు మిగిలాయి. లా షో-ద-ఫోన్ జనాభా కూడా కొన్ని వేలు తగ్గింది.

నింద సాధారణంగా జపాన్ మీదికి పోతుంది. 1969 డిసెంబరు 25న సెయికో క్వార్ట్జ్ చేతి వాచీని అమ్మకానికి పెట్టిన మాట నిజమే. కానీ క్వార్ట్జ్ చేతి వాచీ నమూనా 1967లోనే స్విట్జర్లాండ్‌లోని నొషాతెల్ పట్టణపు పరిశోధన కేంద్రంలో తయారైంది. అంటే తెలివి స్విస్ వాళ్ల దగ్గరా ఉంది. లేనిది, వందలాది చిన్న కంపెనీలను ఒక్కసారిగా కొత్త దారికి మళ్లించగల ఏర్పాటు. చక్రాలు కోసే వర్క్‌షాపుకు అతి కొద్ది చక్రాలతో నడిచే వాచీ వల్ల లాభమేముంది?

కరెన్సీ చేసిన నష్టం గురించి తక్కువగా చెప్పుకుంటారు. 1970లో ఒక డాలరుకు 4 ఫ్రాంకుల పైన వచ్చేవి. 1978 నాటికి 2 ఫ్రాంకుల లోపుకు పడిపోయింది. వాచీలో ఏ మార్పూ లేకుండానే అమెరికాలో దాని ధర రెట్టింపు దాటాలి, లేదా తయారీదారు సగం ఆదాయంతో సరిపెట్టుకోవాలి. సాంకేతికత, కరెన్సీ కలిసి కొట్టిన దెబ్బ అది.

బయటపడ్డ తీరు అందరికీ తెలిసిందే. 1983లో రెండు పెద్ద గ్రూపులను కలిపేశారు, 51 భాగాల ప్లాస్టిక్ స్వాచ్ బజారులోకి దిగింది, ఆ తర్వాత వ్యాపార సలహాదారు నికొలస్ హాయెక్ చేతికి పగ్గాలు వచ్చాయి. ఆ చవక వాచీ ఫ్యాక్టరీలను బతికించింది. ఆ తర్వాత కీ ఇచ్చే పాత రకం వాచీ హోదా వస్తువుగా తిరిగొచ్చి పరిశ్రమకు డబ్బు తెచ్చింది. టైము చూసుకోవడానికి అక్కర్లేని వాచీకే ఎక్కువ ధర పలకడం మొదలైంది.

రెండు అంకెల మధ్య దూరం

2000లో స్విట్జర్లాండ్ దాదాపు 3 కోట్ల వాచీలను ఎగుమతి చేసి సుమారు 1,030 కోట్ల ఫ్రాంకులు సంపాదించింది. 2024లో ఎగుమతైనవి 1.53 కోట్ల వాచీలే, ఆదాయం మాత్రం 2,600 కోట్ల ఫ్రాంకులు. సగటున ఒక్కో వాచీ మీద వచ్చే డబ్బు దాదాపు అయిదు రెట్లయింది. చవక వాచీల మార్కెట్‌ను మొదట ఆసియా కంపెనీలు, 2015 తర్వాత స్మార్ట్‌వాచీలు తినేశాయి. పై అంతస్తు ఎత్తుకు పెరిగింది, కింది అంతస్తు ఖాళీ అయింది.

దీనికి ఒక అభ్యంతరం రావాలి. పీసులే పనికి కొలమానమైతే ఉద్యోగాలు కూడా సగమై ఉండాలి కదా? అలా జరగలేదు. 1980లలో 30 వేల పైచిలుకున్న ఉద్యోగాలు ఈ మధ్య 65 వేలకు చేరాయి. కారణం, క్వార్ట్జ్ నుంచి మళ్లీ కీ ఇచ్చే వాచీలకు మారడం. క్వార్ట్జ్ వాచీలో గుండెలాంటి భాగాన్ని యంత్రం బిగిస్తుంది. ఖరీదైన మెకానికల్ వాచీలో ఒక్కో లోహపు పలక అంచును మనిషి కూర్చుని నునుపు చేస్తాడు. పీసులు తగ్గినా పీసుకు పట్టే గంటలు పెరిగాయి.

అయితే ఆ మార్పు ఒక్కసారి జరిగేదే. మెకానికల్‌కు మారడం దాదాపు పూర్తయ్యాక, ఆదాయం పెంచుకోవడానికి బ్రాండ్లకు మిగిలిన తేలిక మార్గం ధర పెంచడం. కరోనా తర్వాత 2021 నుంచి 2023 వరకు జరిగింది చాలావరకు అదే. 2023లో ఎగుమతి 2,670 కోట్ల ఫ్రాంకులతో రికార్డు కొట్టింది. 10 వేల ఫ్రాంకుల వాచీని 11 వేలకు అమ్మితే బ్రాండు లెక్కల్లో పది శాతం వృద్ధి. స్క్రూలు చేసేవాడికి ఒక్క స్క్రూ కూడా పెరగదు.

పైగా ఆ డబ్బు కొద్దిచోట్లే చేరుతోంది. రోలెక్స్ తన అమ్మకాల లెక్కలు బయటపెట్టదు. అయినా మార్కెట్ అంచనాలన్నీ దాని వాటా మూడో వంతు చుట్టూ ఉంటుందనే చెబుతాయి. అంత పెద్ద బ్రాండ్లు భాగాల్లో ఎక్కువ శాతం సొంతంగానే చేసుకుంటాయి. గత పాతికేళ్లలో చాలా బ్రాండ్లు తమకు సరఫరా చేసే వర్క్‌షాపులను కొనేశాయి కూడా. కాబట్టి అమ్మకాలు బాగున్నప్పుడు మిగిలిపోయిన పని బయటికి వెళ్తుంది. తగ్గినప్పుడు అదే పని మొదట లోపలికి వెనక్కి వస్తుంది.

దెబ్బ కిందికి దిగే కొద్దీ పెద్దదవుతుంది

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. ఒక దుకాణం నెలకు 100 వాచీలు అమ్ముతుంది. నాలుగు నెలల సరుకు, అంటే 400 వాచీలు, నిల్వ ఉంచుకోవడం దాని అలవాటు. అమ్మకం 90కి పడింది. ఇప్పుడు నాలుగు నెలల నిల్వ అంటే 360 చాలు. దగ్గర 40 ఎక్కువ ఉన్నాయి. కాబట్టి ఈ నెల దుకాణదారు ఆర్డరు పెట్టేది 90 కాదు, 50. కొనేవాళ్లు తగ్గింది పది శాతం, ఫ్యాక్టరీకి ఆర్డరు తగ్గింది సగం.

ఫ్యాక్టరీ దగ్గరా నిల్వలుంటాయి. అది కూడా ఇలాగే ఆలోచిస్తుంది. డయళ్లు, కేసులు, స్క్రూలు అన్నీ కొన్ని నెలలకు సరిపడా ఉన్నాయి కాబట్టి సరఫరాదారుకు పెట్టాల్సిన ఆర్డరును రెండు నెలలు పూర్తిగా ఆపేస్తుంది. చివర్లో ఉన్న పదిమంది వర్క్‌షాపుకు పది శాతం మాంద్యం అనేదే కనిపించదు. దానికి కనిపించేది మోగని ఫోను. యంత్రం మీద అప్పు వాయిదా మాత్రం ప్రతి నెలా కట్టాల్సిందే.

2024లో చైనాకు ఎగుమతులు పావు వంతు తగ్గాయి. హాంకాంగ్‌కు ఐదో వంతుకు కాస్త అటూ ఇటుగా పడ్డాయి. అమెరికా అమ్మకాలు పెరగడంతో మొత్తం తగ్గుదల 3 శాతం లోపే కనిపించింది. 'స్వల్ప తగ్గుదల' అని వార్తలు వచ్చిన ఆ ఏడాదిలోనే జూరా సబ్‌కాంట్రాక్టర్లు పని గంటలు కోసుకున్నారు. పీసుల లెక్క చూస్తే ఆశ్చర్యం ఉండదు. అదే ఏడాది పీసులు 9 శాతానికి పైగా తగ్గాయి.

2025 ఏప్రిల్ అంకెలను కూడా ఇలాగే చదవాలి. సుంకం వస్తుందని తెలిసి బ్రాండ్లు ఉన్న సరుకునంతా ముందే అమెరికా గోదాములకు తరలించాయి. ఎగుమతి పట్టికలో అది భారీ పెరుగుదలగా నమోదైంది. నిజానికి అక్కడ కొనుగోలుదారుడు ఒక్కడూ కొత్తగా రాలేదు, నిల్వ అట్లాంటిక్‌కు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మారింది, అంతే. తర్వాతి నెలల్లో పడిపోవడం ఆ తరలింపుకు రెండో సగం. సుంకం విషయంలో ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. ఆ 39 శాతం వేసింది దిగుమతి విలువ మీద, షోరూం ధర మీద కాదు. కాబట్టి షోరూంలో పెంచాల్సింది అంతకన్నా తక్కువే. పెద్ద బ్రాండు దాన్ని ప్రపంచమంతటా కొద్దికొద్దిగా ధర పెంచి సర్దుకోగలదు. మధ్యతరగతి ధరల్లో అమ్మే చిన్న బ్రాండుకు ఆ వెసులుబాటు లేదు.

వీటికి తోడు ఫ్రాంకు, బంగారం. జీతాలు, అద్దెలు ఫ్రాంకుల్లో. అమ్మకాలు డాలర్లు, యువాన్లు, యెన్లలో. 2015 జనవరి 15న స్విస్ కేంద్ర బ్యాంకు యూరోకు 1.20 ఫ్రాంకుల హద్దు ఎత్తేసినప్పుడు ఒక్క రోజులో పరిశ్రమ లెక్కలు తారుమారయ్యాయి. 2025లో డాలరు 0.80 ఫ్రాంకు చుట్టుపక్కలకు వచ్చింది, అదే ఏడాది బంగారం ఔన్సు 4,000 డాలర్లు దాటింది. బంగారు కేసుల వాచీల ధర ఎందుకు అంత పెరిగిందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లే జీతం

ఈ పరిశ్రమలో పనిచేసేవాళ్లలో సుమారు మూడో వంతు మంది సరిహద్దు అవతల ఫ్రాన్స్‌లో ఉంటారు. మోర్తో లాంటి ఊళ్ల నుంచి తెల్లవారుజామునే కార్లు బారులు తీరి ల లోక్ల్ మీదుగా వస్తాయి, సాయంత్రం అదే దారిలో వెనక్కి పోతాయి. లెక్క తేలికే. లా షో-ద-ఫోన్ ఉన్న నొషాతెల్ కాంటన్‌లో (కాంటన్ అంటే మన రాష్ట్రం లాంటిది) చట్టబద్ధమైన కనీస వేతనం గంటకు 21 ఫ్రాంకుల పైన. ఫ్రాన్స్‌లో కనీస వేతనం 12 యూరోల దరిదాపుల్లో. సంపాదన ఇటు, ఖర్చు అటు.

పన్ను ఏర్పాటు కూడా ఆసక్తికరం. 1983 ఒప్పందం ప్రకారం నొషాతెల్, జూరా, వో, బెర్న్ వంటి ఎనిమిది కాంటన్లలో పనిచేసే ఫ్రాన్స్ వాసులు ఆదాయపు పన్ను తమ దేశంలోనే కడతారు. దానికి బదులుగా ఫ్రాన్స్ వాళ్ల మొత్తం జీతాల్లో 4.5 శాతాన్ని ఆ కాంటన్లకు చెల్లిస్తుంది. జెనీవాలో ఇలా కాదు, అక్కడ జీతం దగ్గరే పన్ను కోసుకుంటారు. పని లా షో-ద-ఫోన్‌లో, ఇల్లు ఫ్రాన్స్‌లో, బ్రాండు ముఖ్య కార్యాలయం చాలాసార్లు జెనీవాలోనో పారిస్‌లోనో. ఊరికి మిగిలే వాటా అందరూ అనుకునేంత లావుగా ఉండదు. ప్రపంచంలో ఖరీదైన వాచీలు తయారయ్యే ఆ పట్టణంలో ఇళ్ల అద్దెలు జెనీవాతో పోలిస్తే చాలా తక్కువ. దాన్ని వరం అనేవాళ్లూ ఉన్నారు, లోటు అనేవాళ్లూ ఉన్నారు.

పని లేని రోజుకు ఎవరు చెల్లిస్తారు

1970ల పాఠం ఒకటి పరిశ్రమకు బాగా ఒంటబట్టింది. వాచీ పనివాడికి పూర్తి శిక్షణ నాలుగేళ్లు. ఒకసారి తీసేస్తే అతను వేరే పనిలోకి పోతాడు, తిరిగి రాడు. అందుకే ఆర్డర్లు తగ్గినప్పుడు తొలగింపుల కంటే ముందు పని గంటల తగ్గింపు వస్తుంది. కోల్పోయిన జీతంలో 80 శాతాన్ని నిరుద్యోగ బీమా భరిస్తుంది. 2009లో ఎగుమతులు 22 శాతం పడినప్పుడూ, 2020లో దాదాపు అంతే పడినప్పుడూ ఈ ఏర్పాటే నైపుణ్యాన్ని నిలబెట్టింది. రెండుసార్లూ పరిశ్రమ ఒకటి రెండేళ్లలో తేరుకుంది.

ఈసారి మందగమనం సాగుతూ పోతోంది. అందుకే ఈ సాయం గరిష్ఠ కాలాన్ని మొదట 18 నెలలకు, 2025లో 24 నెలలకు పెంచారు. దీనికి వ్యతిరేకంగానూ వాదన ఉంది. గిరాకీ తిరిగి వచ్చేదైతే ఇది వంతెన, రానిదైతే వాయిదా. చైనా కొనుగోలుదారు 2021 నాటి స్థాయికి వస్తాడన్న గ్యారంటీ ఏమీ లేదు.

రక్షణ గోడలో ఇంకో రాయి 'స్విస్ మేడ్' నిబంధన. 2017 నుంచి ఆ మాట డయల్ మీద రాయాలంటే తయారీ ఖర్చులో కనీసం 60 శాతం స్విట్జర్లాండ్‌లో జరగాలి. వాచీని నడిపే లోపలి యంత్రం స్విస్‌ది కావాలి, బిగింపూ చివరి తనిఖీ అక్కడే జరగాలి. మిగతా 40 శాతం ఆసియా నుంచి రావచ్చు, చవక వాచీల్లో వస్తోంది కూడా. నిబంధన ఖర్చును కొలుస్తుంది, భాగాల సంఖ్యను కాదు. కాబట్టి ఒక కేసో డయలో బయటి నుంచి తెచ్చుకున్నా లెక్క సరిపోవచ్చు.

ఇక వేరే పనులకు మళ్లడం. ఆ ప్రయత్నం కొత్తది కాదు. 1978లోనే కేంద్ర ప్రభుత్వం ఒకే పరిశ్రమ మీద బతికే ప్రాంతాల్లో కంపెనీలు పెట్టేవాళ్లకు పన్ను రాయితీలిచ్చింది. 1984లో నొషాతెల్‌లో మైక్రో టెక్నాలజీ పరిశోధన సంస్థ సీఎస్‌ఈఎం ఏర్పడింది. వాచీ స్క్రూ చేసే లేత్ మీదే ఎముకలో బిగించే స్క్రూ కూడా చేయొచ్చు. వైద్య పరికరాలు ఆ ప్రాంతానికి రెండో కాలు అయింది అలాగే. అయితే వైద్య పరికరాలకు అనుమతులు, పరీక్షలు సంవత్సరాలు పడతాయి. ఆర్డరు ఆగిన నెలలో తలుపు తట్టి దొరికే పని కాదది.

భారత్ లెక్కలోకి ఎక్కడ వస్తుంది

స్విట్జర్లాండ్ సహా నాలుగు యూరప్ దేశాలతో భారత్ 2024 మార్చి 10న సంతకం చేసిన వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీల మీద మన దగ్గర 20 శాతం పైచిలుకున్న సుంకం ఏడేళ్లలో సున్నాకు దిగుతుంది. హైదరాబాద్ షోరూముల్లో ధరలు ఒక్కసారిగా పడిపోతాయని ఆశించేవాళ్లు ఆ 'ఏడేళ్లు' అన్న మాటను గమనించాలి. జీఎస్టీ ఎలాగూ ఉంటుంది. 2024లో స్విస్ వాచీల ఎగుమతిలో భారత్ వాటా ఒక శాతం చుట్టూ ఉంది, అమెరికా వాటా 17 శాతం దరిదాపుల్లో. వృద్ధి వేగంగానే ఉంది. కానీ చైనాలో పోయినదాన్ని భారత్ ఇప్పట్లో పూడుస్తుందనడం అత్యాశ.

రెండు చోట్లనూ కలిపే పాత పేరు ఒకటుంది, ఫేవర్ లూబా. దాని మూలాలు 1737 నాటి ల లోక్ల్‌లో ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దంలోనే భారత్‌కు వచ్చింది. క్వార్ట్జ్ సంక్షోభంలో కుటుంబం చేతుల్లోంచి జారిపోయింది. మన దగ్గర అదే క్వార్ట్జ్ అలను టైటన్ అందుకుంది, హెచ్ఎంటీ అందుకోలేకపోయింది. ఆ టైటనే 2011లో ఫేవర్ లూబా పేరును కొనుక్కుని, ఆ తర్వాత చండీగఢ్‌కు చెందిన వాచీల వ్యాపార సంస్థ ఎథోస్ గ్రూపుకు అమ్మేసింది. పేరు ఇప్పుడు భారతీయ పెట్టుబడి చేతిలో ఉంది. వాచీల మీద 'స్విస్ మేడ్' అని రాయాలంటే మాత్రం పనిలో ఎక్కువ భాగం స్విట్జర్లాండ్‌లోనే జరగాలి.

కొత్త ఫ్యాక్టరీ ఎక్కడ పెడుతున్నారు

మందగమనంలోనూ రోలెక్స్ వంద కోట్ల ఫ్రాంకులకు పైగా ఖర్చుతో కొత్త ఫ్యాక్టరీ కడుతోంది. 2029 నాటికి సుమారు 2,000 ఉద్యోగాలు వస్తాయని 2022లో చెప్పింది. స్థలం జూరా కొండల్లో కాదు. ఫ్రిబూర్ కాంటన్‌లోని బ్యూల్, హైవేకు పక్కనే, పాత వాచీల ఊళ్లకు దూరంగా. లా షో-ద-ఫోన్, మోర్తో కిటికీల పక్కన తరతరాలుగా పెరిగిన చేతిపనిని వెతుక్కుంటూ పరిశ్రమే కొండెక్కి వచ్చేది ఒకప్పుడు. ఇప్పుడు కంపెనీ తన శిక్షణ తనే ఇచ్చుకోగలదు, తన భాగాలు తనే చేసుకోగలదు. దానికి కావలసింది చదునైన స్థలం, ఉద్యోగులు తేలిగ్గా రాగలిగే దారి.